ఉపకారవేతనమూ చెరుకు సీజనూ: బోధన్ వాడల చదువు చరిత్ర

ఉపకారవేతనం అన్న పేరులో రెండు మాటలున్నాయి. ఉపకారం పైనున్నోళ్ళు దయతలచి చేసేది. వేతనం చేసిన పనికి హక్కుగా వచ్చేది. సర్కారు కాగితాల మీద ఈ రెండు మాటలనూ అతికించి ఒక్కటి చేశారు గానీ, మాల మాదిగ వాడల్లో అవి అతకలేదు. ఆఫీసు కిటికీ అవతలి మనిషి దాన్ని ఉపకారంగానే చూస్తాడు. ఇంట్లో అమ్మా నాయనా మాత్రం దాన్ని కొడుకు జీతంగా, బిడ్డ కూలిగా లెక్కేసుకుంటారు. ఎందుకంటే ఆ పిల్లో పిల్లగాడో కాలేజీకి పోకుంటే ఈపాటికి చెరుకు తోటలోనో, నాటు మడిలోనో, బీడీల చాట ముందో కూర్చుని సంపాదిస్తుండేవాళ్ళే. చదువుకయ్యే ఖర్చంటే ఫీజు ఒక్కటే అనుకునేటోళ్ళకు ఈ లెక్క తెల్వదు.

మేం ఈ వాడల నుంచే వచ్చి, మా ఇండ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం. ఉపకారవేతనం లేకుంటే మాలో ఎవరమూ ఈ వ్యాసం రాసే స్థితిలో ఉండేవాళ్ళం కాదు. అందుకే దాని చరిత్రను మేమే రాయాలనుకున్నాం. ఇందులో మేం వేసుకుంటున్న ప్రశ్న ఒక్కటే. ఉపకారవేతనం దళిత విద్యార్థిని కాలేజీ గేటు దాకా తెచ్చింది, మరి డిగ్రీ పట్టా దాకా అందర్నీ ఎందుకు తీసుకుపోలేకపోతోంది? సొమ్ము చాలదన్నది అందరూ చెప్పే జవాబు. అది నిజమే. కానీ సొమ్ము ఎంత అన్నదానితో సమానంగా, అది ఏ నెలలో వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది అన్నవి మా పిల్లల చదువును తేల్చాయని మా వాదన. నిజామాబాద్ పట్నాన్నీ, బోధన్ చుట్టూ ఉన్న చెరుకు పల్లెల్నీ తీసుకుంటే ఈ సంగతి స్పష్టంగా కనపడుతుంది. ఇక్కడి కూలి బతుకుకు కచ్చితమైన క్యాలెండరు ఒకటి ఉండేది. దాన్ని చక్కెర ఫ్యాక్టరీ తయారుచేసింది.

నీళ్ళొచ్చినయ్, చెరుకొచ్చింది

ఒకప్పటి ఇందూరే ఇప్పటి నిజామాబాద్. మంజీర నది మీద నిజాం సాగర్ కట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దానికి ఇంజనీరు. 2,75,000 ఎకరాలకు నీళ్ళివ్వాలన్నది లక్ష్యం. కాలువ నీళ్ళతో పాటు కోస్తా నుంచి, ముఖ్యంగా కృష్ణా గుంటూరు ప్రాంతాల నుంచి, డబ్బున్న రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్ళ ఊర్లను ఇప్పటికీ 'క్యాంపులు' అనే పిలుస్తారు. 1937లో బోధన్ శివారులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థ ఏర్పడింది. ఆ చోటు పేరే శక్కర్ నగర్ అయింది. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా దానికి పేరు. నిజాం సర్కారు 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి ఒకటి పెట్టింది. ఆ నిధి వాటా పెట్టిన పరిశ్రమల్లో బోధన్ ఫ్యాక్టరీ ఒకటి. ఈ కోటి రూపాయల అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

ఈ నీళ్ళలో, ఈ చక్కెరలో మావాళ్ళ పాలు ఎంత? కాలువ తవ్విన చేతులు మావి. చెరుకు కొట్టింది, బండ్లకెత్తింది, ఫ్యాక్టరీలో సీజను పనికి పోయింది మావాళ్ళు. భూమి మాత్రం మావాళ్ళ చేతికి రాలేదు. అంతకు ముందునుంచీ వెట్టి ఉండనే ఉంది. దాని పక్కనే భగేలా ఉంది. పెండ్లికో చావుకో అప్పు తీసుకున్న తండ్రి తనను, తన తర్వాత తన కొడుకును దొర దగ్గర పనికి కట్టేయడమే భగేలా. దాన్ని అదుపు చేస్తామని నిజాం సర్కారు 1936లో ఒక చట్టం చేయాల్సి వచ్చిందంటే అది ఎంత వేళ్ళూనుకుని ఉండెనో ఊహించుకోవచ్చు. ఇట్లాంటి ఇంట్లో పిల్లగాడు బడికి పోవుడంటే అప్పు తీర్చే రెండు చేతులు తగ్గుడే. బడి ఉచితమైనా వాడి చదువు ఉచితం కాదు. పిల్లగాడి కూలి పోగొట్టుకోవడమే ఇంటికి పడే అసలు ఫీజు. ఉపకారవేతనం గురించి ఆలోచించడానికి ఇదే మొదటి మెట్టు.

అదే కాలంలో హైదరాబాద్ రాజ్యంలో చదువుకు ధనసహాయం లేదా అంటే ఉంది. 1895లో సరోజినీ ఛటోపాధ్యాయ, అంటే తర్వాతి సరోజినీ నాయుడు, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే ఇంగ్లండుకు వెళ్ళి చదువుకున్నారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. రాజ్యానికి విద్యా దానం తెలియక కాదు. ఆ దానం ప్రతిభ పేరుతో, పరిచయం పేరుతో ఒక్కొక్క మనిషికి చేరేది. వాడకు చేరే దారి దానికి లేదు.

కోటి రూపాయల కథ

ఆ దారి వేసింది మావాళ్ళే. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాద్‌లో ఆది హిందూ పిల్లలకు బడులు పెట్టారు. అవి తెలుగులో నడిచిన బడులు. ఉర్దూ రాజభాషగా ఉన్న చోట మాల మాదిగ పిల్లలకు తల్లి భాషలో అక్షరం చెప్పడం చిన్న పని కాదు. తర్వాత ఆ బడులను సర్కారు తీసుకుంది.

ఇక డాక్టర్ అంబేద్కర్ జీవితం. దాన్ని మనం స్ఫూర్తి కథగా చెప్పుకుంటాం. స్కాలర్‌షిప్ చరిత్రగా కూడా ఒకసారి చదవాలి. 1913లో బరోడా గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్లు. చదువయ్యాక పదేండ్లు బరోడా కొలువులో పనిచేయాలన్న ఒప్పందం కూడా ఉంది. 1916లో లండన్ చేరి అక్కడ చదువు మొదలుపెట్టారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయంతో, స్నేహితుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పుతో 1920లో మళ్ళీ లండన్ పోయారు. డి.ఎస్సీ. పట్టా 1923లో వచ్చింది. అంతటి మనిషికి సైతం కాలేజీలో చేరడానికీ పట్టా అందుకోవడానికీ మధ్య సొమ్ము ఆగిపోయింది. ఆ ఖాళీని పూడ్చుకోవడానికి ఆయనకు జీతమూ సాయమూ అప్పూ మూడూ కావలసి వచ్చాయి. మా పల్లెల్లో ఆ మూడింటిలో ఒక్క అప్పే దొరుకుతుంది.

ఇది అనుభవించిన మనిషి గనుకనే అధికారం చేతికి రాగానే ఆయన ముందుగా పట్టుకున్న వాటిలో ఇదొకటి. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాక, అదే ఏడు అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల కష్టాలపై ఒక వినతిపత్రం ఇచ్చారు. అలీగఢ్, బనారస్ యూనివర్సిటీలకు కేంద్రం ఏటా 3 లక్షల రూపాయల చొప్పున ఇస్తుంటే, షెడ్యూల్డ్ కులాల ఉన్నత చదువుకు ఎందుకివ్వరన్నది ఆయన ప్రశ్న. సర్కారు ఒప్పుకోక తప్పలేదు. 1944లో పదో తరగతి పైచదువులకు షెడ్యూల్డ్ కులాల ఉపకారవేతనం మొదలైంది. ఈనాడు ప్రతి కాలేజీలో 'పోస్ట్ మెట్రిక్' అని పిలిచేది దాన్నే. తర్వాత నాలుగేండ్లకు దాన్ని గిరిజనులకూ వర్తింపజేశారు.

హైదరాబాద్ రాజ్యంలో ఇదే పోరు ఇంకో రూపంలో నడిచింది. 'హైదరాబాద్ అంబేద్కర్' అని పేరు పొందిన బి.ఎస్. వెంకట్రావు 1947-48లో లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రిగా ఉన్నారు. అణగారిన కులాల చదువు కోసం కోటి రూపాయల నిధిని ఆయన సాధించారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ఆ మంత్రివర్గం పోయింది, నిధి మాత్రం మిగిలింది. అంబేద్కర్ 1950లో ఔరంగాబాద్‌లో పెట్టిన మిళింద్ కాలేజీకి అప్పు ఇచ్చింది ఈ నిధి నుంచే. 1929లో పరిశ్రమలకు కోటి. మరో పద్దెనిమిదేండ్లు దాటాక, రాజ్యం కూలే ముందు, దళితుల చదువుకు కోటి. మొదటి కోటి బోధన్‌లో చిమ్నీ నిలబెట్టడానికి తోడ్పడింది. రెండో కోటి అడిగి, పదవిలో కూర్చుని, రాయించుకుంటేనే వచ్చింది. ఈ రెంటికీ మధ్యనున్న దూరమే మన చరిత్ర.

హాస్టలు, స్కాలర్‌షిప్, సీజను

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే ఏడు నిజామాబాద్ పట్నంలో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల మొదలైంది. అంతదాకా డిగ్రీ చదువంటే హైదరాబాద్ పోవుడే. ఇప్పుడు బోధన్ నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కాలేజీ వచ్చింది. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు వచ్చాయి. కేంద్రం స్కాలర్‌షిప్ ఉండనే ఉంది. మా తండ్రుల తరంలో ఊరికి ఒకరిద్దరు, మా తరంలో వాడకు నలుగురైదుగురు కాలేజీ చూసింది ఈ మూడూ కలిసినందుకే. కాలేజీలో చేరడం విషయంలో ఉపకారవేతనం గెలిచిందని మేం ఎక్కడైనా నిలబడి చెప్తాం.

చేరిన తర్వాత ఏమవుతుందో అర్థం కావాలంటే నెలల వారీగా చూడాలి. జూన్, జూలైలో అడ్మిషను. అప్పటికి నాట్లు ఇంకా పూర్తికావు, కూలి చేతికి రాదు. పుస్తకాలకు, బస్సు పాసుకు, బట్టలకు నూటికి రెండో మూడో రూపాయల మిత్తికి అప్పు తెస్తారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టాలంటే కులం కాగితం, ఆదాయం కాగితం కావాలి. వాటికోసం తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగే రోజులన్నీ కూలి పోయిన రోజులే. నవంబరులో ఫ్యాక్టరీ క్రషింగ్ మొదలయ్యేది. అది మార్చి, ఏప్రిల్ దాకా నడిచేది. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. జూన్‌లో చేసిన అప్పు ఆ అడ్వాన్సుతో తీరుతుంది. అడ్వాన్సు తీరాలంటే ఇంట్లో చేతులన్నీ తోటలోకి దిగాలి. కాలేజీలో చదివే పిల్లగాడు మొదట ఆదివారాలు పోతాడు, తర్వాత వారంలో మూడు రోజులు, సంక్రాంతి దాటేసరికి రోజూ పోతాడు. స్కాలర్‌షిప్ విడుదలయ్యేది బడ్జెటు సంవత్సరం చివర, ఫిబ్రవరి మార్చిల్లో, లేకుంటే మరుసటి ఏడు. అప్పటికి పరీక్షలు నెత్తిమీద ఉంటాయి.

రెండో ఏడు స్కాలర్‌షిప్ కొనసాగాలంటే నూటికి 75 హాజరు ఉండాలె, పరీక్ష దాటాలె. సొమ్ము సమయానికి రాలేదు గనుక పిల్లగాడు కూలికి పోయాడు. కూలికి పోయాడు గనుక హాజరు తగ్గింది. హాజరు తగ్గింది గనుక సొమ్ము ఆగింది. ఈ గుండ్రంలో ఎక్కడా విద్యార్థి 'చదువు మీద శ్రద్ధలేనోడు' కాదు. అయినా రిజిస్టరులో మాత్రం అట్లనే నమోదవుతాడు. 'డిస్‌కంటిన్యూడ్' అని ఒక్క మాట రాసి గీత కొడతారు. ఆలస్యం చేసిన ఆఫీసు పేరు ఆ గీత పక్కన ఎక్కడా ఉండదు.

చక్కెర పరిశ్రమకే తెలిసిన న్యాయం ఒకటి ఇక్కడ చెప్పాలి. సీజనల్ కార్మికులకు ఆఫ్ సీజన్‌లో కొంత సొమ్ము, రిటైనింగ్ అలవెన్స్ పేరుతో, ఇచ్చే పద్ధతి ఈ పరిశ్రమలో ఉంది. పని లేని నెలల్లో మనిషి బతికి ఉంటేనే సీజనుకు తిరిగి వస్తాడని ఫ్యాక్టరీకి తెలుసు. కాంట్రాక్టు కూలీకి, చెరుకు కొట్టేటోనికి అది దక్కదన్నది వేరే అన్యాయం. కానీ సూత్రమైతే ఉంది. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా విద్యార్థి ఎట్లా బతుకుతాడన్న ప్రశ్న మాత్రం ఉపకారవేతనం రూపొందించినవాళ్ళకు తట్టలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. నిజామాబాద్ జిల్లా బీడీలకు పేరు. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది, ఆ నిధి కింద కార్మికుల పిల్లలకూ స్కాలర్‌షిప్పులున్నాయి. కానీ ఒక విద్యార్థి రెండు స్కాలర్‌షిప్పులు తీసుకోకూడదు. తల్లి బీడీలు చుడుతుంది, బిడ్డ కాలేజీ నుంచి వచ్చి చాట ముందు కూర్చుంటుంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైన ఏడు కొడుకును కాలేజీలో ఉంచి బిడ్డను మాన్పిస్తారు. పెండ్లి మాట అప్పుడే మొదలవుతుంది. ఇట్లాంటి చోట హాస్టలు విలువ తెలుస్తుంది. హాస్టల్లో అన్నం బిల్లు విడుదల కోసం ఆగదు, అది ప్రతి పూటా పళ్ళెంలోకి వస్తుంది. 2016లో తెలంగాణ సర్కారు దళిత అమ్మాయిలకు గురుకుల డిగ్రీ కాలేజీలు మొదలుపెట్టింది. నిజామాబాద్‌కూ ఒకటి వచ్చింది. ధనసహాయం సొమ్ము రూపంలోనే ఉండాల్సిన పనిలేదని, సమయానికి అందే రూపంలో ఉండాలని ఈ కాలేజీలు చూపిస్తున్నాయి.

రీయింబర్స్‌మెంటు: సొమ్ము ఎవరి చేతికి?

2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఏర్పడింది. 2008-09 నుంచి ఉపకారవేతనాల దరఖాస్తులన్నీ 'ఈపాస్' కంప్యూటరు పద్ధతిలోకి వచ్చాయి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి సర్కారు ఫీజు రీయింబర్స్‌మెంటును వెనకబడిన కులాలకూ పేద అగ్రకులాలకూ విస్తరించింది. ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇంజనీరింగ్, ఎం.బి.ఎ. గదుల్లోకి మాల మాదిగ పిల్లలు మొదటిసారి పెద్ద ఎత్తున వెళ్ళారు. ఇది నిజమైన మార్పు. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఇక్కడే సొమ్ము దారి మారింది. ఉపకారవేతనం రెండు ముక్కలైంది. ఫీజు ముక్క కాలేజీ కోసం, ఖర్చుల ముక్క విద్యార్థి కోసం. ఫీజు పెద్దది గనుక బడ్జెటు లెక్కల్లో, పత్రికల్లో, అసెంబ్లీలో చర్చంతా దాని చుట్టే తిరిగింది. సర్కారు బకాయి పడితే కాలేజీ వాళ్ళు సర్కారును పట్టుకోలేరు, విద్యార్థిని పట్టుకుంటారు. మూడేండ్లు చదివి, పరీక్షలు పాసై, మార్కుల మెమోలు, టి.సి. కాలేజీ బీరువాలో ఇరుక్కుపోయిన పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. డిగ్రీ పాసై డిగ్రీ లేనోళ్ళు వీళ్ళు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, పై చదువుకు పోవాలన్నా సర్కారు కట్టాల్సిన ఫీజును అప్పు చేసి వీళ్ళే కట్టి కాగితాలు విడిపించుకుంటారు. భగేలాలో తండ్రి అప్పుకు కొడుకు కట్టుబడేవాడు. ఇక్కడ సర్కారు అప్పుకు విద్యార్థి కట్టుబడుతున్నాడు. 2025 నవంబరులో బకాయిల కోసం తెలంగాణ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు కాలేజీలు మూసి సమ్మె చేశాయి. యాజమాన్యాలకు సమ్మె చేసే బలముంది. విద్యార్థికి రావాల్సిన ఖర్చుల సొమ్ము కోసం ఏ కాలేజీ మూతపడలేదు.

ఆలస్యం ఎంత దూరం పోతుందో 2016 జనవరి 17న చూశాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయిన రోజు అది. తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేల రూపాయలు రావాల్సి ఉందని, అది ఇంటికి చేర్చమని ఆయన చివరి ఉత్తరంలో రాశారు. ఆ చావుకు కారణాలు ఆ సొమ్ముకు మించినవి. అయినా అలాంటి ఉత్తరంలో సైతం బకాయి లెక్క రాయాల్సి వచ్చిందంటే, మన విద్యార్థి జీవితంలో దాని చోటేమిటో అర్థం చేసుకోవాలె.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

ఇప్పుడు కొన్ని అంకెలు చూద్దాం. 2010లో కేంద్రం సవరించిన రేట్ల ప్రకారం ఇంటి నుంచి వచ్చి బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. చదివే దళిత విద్యార్థికి నెలకు 300 రూపాయలు. పది నెలలకు 3,000. 2021లో మార్గదర్శకాలు మళ్ళీ మారాయి. అదే విద్యార్థికి ఏడాదికి 3,000 రూపాయలని రాశారు. పదకొండేండ్లలో బస్సు చార్జీ పెరిగింది, పుస్తకం ధర పెరిగింది, ఈ అంకె కదల్లేదు. ఇంకో అంకెతో దీన్ని పోల్చండి. తెలంగాణ సర్కారు 2024లో హాస్టళ్ళ మెస్ చార్జీలు పెంచింది. ఇంటర్, ఆపై చదువుల విద్యార్థికి నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలైంది. అంటే ఒక విద్యార్థి తిండికే నెలకు 2,100 కావాలని సర్కారే ఒప్పుకుంది. మరి ఇంటినుంచి వచ్చే విద్యార్థికి తిండీ ప్రయాణమూ అన్నీ కలిపి 300 ఎట్లా సరిపోతాయి? ఇంటి అన్నం కూలి లేకుండా వండుతారా?

సొమ్ము ఎందుకు ఆలస్యమవుతుందన్నదానికీ ఒక చరిత్ర ఉంది. పంచవర్ష ప్రణాళిక ముగిసిన ప్రతిసారీ, చివరి ఏడాది ఖర్చు ఎంత అయిందో అంత భారాన్ని రాష్ట్రాల మీద వేసి, అంతకు మించినదే తాను ఇస్తానన్నది కేంద్రం పద్ధతి. విద్యార్థులు పెరిగిన కొద్దీ రాష్ట్రాల భారం పెరిగింది, కేంద్రం వాటా చిక్కిపోయింది. 2017-18 నుంచి 2019-20 దాకా దేశం మొత్తానికి కేంద్రం ఇచ్చింది ఏటా సుమారు 1,100 కోట్లే. దళిత సంఘాలు, విద్యార్థులు ఒత్తిడి చేశాక 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 60:40 వాటాకు ఒప్పుకుంది. అయిదేండ్లకు 59,048 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది, అందులో కేంద్రం పాలు 35,534 కోట్లు. పదో తరగతి తర్వాత చదువు ఆగిపోతున్న నిరుపేద పిల్లలు 1.36 కోట్ల మంది ఉంటారని కేంద్రమే అంచనా చెప్పింది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలన్న నియమమూ పెట్టారు. ఇది మంచిదే. అయితే ఇందులో ఒక ముడి ఉంది. రాష్ట్రం తన 40 పాళ్ళు విడుదల చేశాకే కేంద్రం 60 పాళ్ళు వస్తాయి. రాష్ట్రం జాగు చేస్తే మొత్తం సొమ్ము ఆగుతుంది.

ఇక చేరికల అంకెలు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం షెడ్యూల్డ్ కులాల స్థూల నమోదు నిష్పత్తి 2014-15లో 18.9 ఉండగా 2021-22లో 25.9కి వచ్చింది. అందరి సగటు 28.4. దూరం తగ్గింది. మంత్రులు ఈ అంకెనే చదువుతారు. కానీ ఈ నిష్పత్తి కాలేజీలో పేరు ఉన్నవాళ్ళను లెక్కిస్తుంది, పట్టా పట్టుకుని బయటికి పోయినవాళ్ళను కాదు. రెండో ఏడు మానేసి చెరుకుకో, గల్ఫుకో పోయిన పిల్లగాడు కూడా మొదటి ఏడు ఆ నిష్పత్తిని పెంచినవాడే.

షెడ్యూల్డ్ కులాలన్న ఒక్క గంప కింద అందర్నీ లెక్కేస్తే ఇంకో సంగతి మరుగునపడుతుంది. 1994లో మొదలైన మాదిగ దండోరా అడిగింది ఇదే కదా, గంపలో ఎవరి పాలు ఎంత అని. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపుల చట్టం అమల్లోకి వచ్చింది. సీట్లను గ్రూపుల వారీగా లెక్కించే సర్కారు, చదువు పూర్తి చేసినవాళ్ళను కూడా అట్లనే లెక్కించొచ్చు.

ఇంకొక దేశం అనుభవం

అంబేద్కర్ ఉపకారవేతనం సాధించిన 1944లోనే అమెరికా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు జి.ఐ. బిల్లు తెచ్చింది. లక్షలాది మంది కాలేజీల్లో చేరారు. చట్టంలో రంగు మాట లేదు. అయినా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు దాంతో ఒరిగింది చాలా తక్కువ. కాలేజీలే వేరు, ఆఫీసుల్లో కూర్చున్నోళ్ళు తెల్లవాళ్ళు. సహాయం ఎవరి చేతుల మీదుగా పోతుందన్న ప్రశ్న అక్కడా ఉంది.

ఇంకో ఆధారం విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి. అక్కడ 2008 నుంచి పేద విద్యార్థుల్లో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి ఏటా 3,500 డాలర్లు ఇచ్చారు. సారా గోల్డ్‌రిక్-రాబ్ బృందం వాళ్ళను ఏండ్ల తరబడి గమనించింది. నాలుగేండ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు నూటికి 16 నుంచి 21కి పెరిగారు. సొమ్ము అందినవాళ్ళు తక్కువ గంటలు పనిచేశారు, రాత్రి పనులకు పోవడం తగ్గించారు. దూరదేశం అనుభవమైనా బోధన్‌లో ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. సొమ్ము పిల్లగాడి తెలివిని పెంచలేదు, వాడి రాత్రిని వాడికి తిరిగి ఇచ్చింది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక

బోధన్ ఫ్యాక్టరీ సర్కారుది కాబట్టి అందులో రిజర్వేషన్ ఉండేది. ఐ.టి.ఐ. చేసినోడికి, డిగ్రీ చేసినోడికి పర్మినెంటు ఉద్యోగం అన్న ఆశ ఉండేది. చదువు పూర్తి చేయాలన్న పట్టుదలకు ఆ ఆశ కూడా ఒక దన్ను. 2002లో ఫ్యాక్టరీ యాజమాన్యం ప్రైవేటు భాగస్వామి చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గింది, వరి పెరిగింది, గల్ఫ్ ఏజెంట్ల తిరుగుడు ఆగలేదు. పాత సీజను క్యాలెండరు పోయింది. అప్పు క్యాలెండరు మాత్రం పోలేదు. జూన్‌లో ఫీజులకు అప్పు, ఏడాది చివర స్కాలర్‌షిప్ అన్న వరస 2015కు ముందు ఎట్లుండెనో ఇప్పుడూ అట్లనే ఉంది. ఇప్పుడు పిల్లగాడు చెరుకు తోటకు బదులు పట్నంలో ఫంక్షను హాళ్ళకు, పార్సిలు పనులకు పోతున్నాడు.

ఈ చరిత్ర నుంచి మేం తేల్చుకున్నవి నాలుగు. ఖర్చుల సొమ్ము మొదటి కిస్తీ అడ్మిషను అయిన నెలలోపే విద్యార్థి ఖాతాలో పడాలె. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు, పాత ఏడు విద్యార్థికి కొత్త కాగితాలు అసలే అక్కర్లేదు. సర్కారు బకాయికి విద్యార్థి సర్టిఫికెట్లు ఆపడాన్ని నేరంగా చూడాలె. ఇంటినుంచి వచ్చే విద్యార్థి ఖర్చుల సొమ్మును హాస్టలు మెస్ చార్జీతో ముడిపెట్టి, అది పెరిగినప్పుడల్లా ఇదీ పెంచాలె. చేరినవాళ్ళతో పాటు పట్టా అందుకున్నవాళ్ళ సంఖ్యను ప్రతి కాలేజీ కులాల వారీగా, ఆడామగా వారీగా ఏటా గోడకు అతికించాలె.

చివరి దానికి సర్కారు కోసం ఆగాల్సిన పని లేదు. 2005 సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. మూడేండ్ల కింద మీ కాలేజీలో మొదటి ఏడు చేరిన దళిత విద్యార్థులు ఎందరు, వాళ్ళకు ఏ తేదీన సొమ్ము పడింది, ఈ ఏడు టి.సి., మెమోలు తీసుకుపోయినవాళ్ళు ఎందరు అని మూడు ప్రశ్నలు రాసి పెట్టండి. బోధన్‌లో, నిజామాబాద్‌లో, ఆర్మూర్‌లో, బాన్సువాడలో కాలేజీకి ఇద్దరు విద్యార్థులు, ఒక నోటు పుస్తకం ఉంటే ఈ పని అయిపోతుంది. జవాబులు వచ్చినచోట వాటిని ఊరి పేరుతో, తేదీలతో రాసి పెట్టుకోండి. వచ్చే జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యే నాటికి ఆ నోటు పుస్తకం మన చేతిలో ఉండాలె.